తెల్ల గుడ్డకు అంటని పొగ

మా నాయిన ఆర్టీసీ డిపోలో మెకానిక్. ముప్పై రెండేండ్లు చేసి రిటైరైండు. ఖాకీ ప్యాంటు జేబులో ఎప్పుడూ ఒక తెల్ల గుడ్డముక్క ఉండేది, పాత ధోతి చింపిందే. బండి షెడ్డుకు రాంగనే పిట్‌లోకి దిగకముందు ఫస్టు వెనక్కి పోయి, సైలెన్సర్ మూతికి జానెడు దూరంలో ఆ గుడ్డ పట్టుకొని డ్రైవర్‌ను "రేజ్ చెయ్ అన్నా" అనేటోడు, రెండుసార్లు, మూడుసార్లు. తర్వాత గుడ్డను వెలుతురుకు ఎత్తి చూసేటోడు. సెలవుల్లో టిఫిన్ ఇయ్యడానికి డిపోకు పోతే నేను పక్కన నిలబడి ఇదంతా చూసేదాన్ని. గుడ్డ మీద మసి పెళుసుగా, పొడిగా పడితే డీజిల్ సరిగ కాలట్లేదు, ఎయిర్ ఫిల్టర్ మూసుకపోయిందో నాజిల్ కారుతుందో చూడాలె. జిడ్డుగా మరక పడి పొగ నీలంగ వస్తుంటే బండి ఇంజన్ ఆయిల్ తాగుతుంది, రింగులు పోయినయ్. గుడ్డ తడిసి పొగ తెల్లగ వస్తే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం. ఏ మీటరూ లేకుండ ఆ గుడ్డముక్కతోనే రోగం చెప్పేటోడు, నూటికి తొంభైసార్లు అదే కరెక్టయ్యేది.

ఇప్పుడు ఆయనకు మెట్లు ఎక్కితే ఆయాసం వస్తది. జీవితంలో బీడీ ముట్టలే. ఇదంతా డీజిల్ పొగ వల్లనే అని ఏ డాక్టరూ రాసియ్యలే, నేను కూడా అట్ల తీర్పు చెప్పను, కానీ ఆ గుడ్డ మీద చూసిన నలుపు ముప్పై రెండేండ్లు ఆయన ముక్కులోకి కూడా పోయింది అన్నది మాత్రం నా కండ్లతో చూసిన సంగతి. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉండే క్యాన్సర్ పరిశోధన సంస్థ డీజిల్ పొగను మనుషులకు క్యాన్సర్ తెచ్చే వాటి మొదటి లిస్టులోనే పెట్టింది. అందుకే ఆల్కహాల్‌తో నడిచే బస్సు, నల్ల పొగ అస్సలు రాని బస్సు అని ఎవరన్నా అంటే నా మనసు ముందు అటే పోతది. ఇది మొదలే ఎందుకు చెప్తున్ననంటే, కింద రాసింది చదివి నేను ఇథనాల్‌కు, అంటే ఆ బస్సుల్లో పోసే ఆల్కహాల్‌కు, వ్యతిరేకం అనుకునేరు.

నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్త. మొన్న క్లాసులో ఒక పిల్లగాడు అడిగిండు, "మేడం, స్పిరిట్‌తో నడిచే బస్సుకు పొగే ఉండదంట, కాలుష్యం జీరో అంట, నిజమేనా?" అని. నోటితో చెప్తే ఆనదని ల్యాబ్‌కు తీస్కపోయిన.

ఒక పక్క కిరోసిన్ బుడ్డి, ఒక పక్క స్పిరిట్ ల్యాంపు వెలిగించి రెండింటి మంట మీద తెల్ల పింగాణి గిన్నెలు పట్టమన్న. కిరోసిన్ గిన్నె అడుగు నిమిషం లోపలనే నల్లగైంది, వేలితో గీస్తే గీత పడేంత మసి. స్పిరిట్ గిన్నె తెల్లగనే ఉంది, పిల్లలు తిప్పి తిప్పి చూసిన్రు. "చూసినవా మేడం, జీరోనే" అన్నడు వాడు. అప్పుడు రాగి తీగను పెన్సిల్‌కు చుట్టి స్ప్రింగులాగ చేసి బర్నర్ మీద ఎర్రగ కాల్చిన, బయటికి తీస్తే గాలి తగిలి పైన నల్ల పొర కట్టింది, వేడి మీద ఉండంగనే దాన్ని టెస్ట్‌ట్యూబ్‌లో ఉన్న కొంచెం ఆల్కహాల్‌లోకి దించిన. సుయ్‌మంది. నల్ల పొర పోయి తీగ కొత్త రాగి చెంబు లెక్క మెరిసింది. ట్యూబ్ మూతి మీది గాలిని చేత్తో ముక్కు దిక్కు విసురుకొని కొంచెం వాసన చూడమంటే ముందు వరసలో ఉన్న పిల్ల టక్కున తల వెనక్కి తీసింది, ముక్కులో ఘాటు, కండ్లలో నీళ్ళు. ట్యూబ్‌లో చూస్తే ఏమీ లేదు, పొగ లేదు, రంగు లేదు. అది అసిటాల్డిహైడ్. ఆల్కహాల్ సగం కాలి ఆగిపోతే తయారయ్యేది అదే.

బస్సు ఇంజన్‌లో కూడా ఈ రెండూ జరుగుతయ్, గిన్నె తెల్లగ ఉండుడూ నిజమే, కండ్లు మండుడూ నిజమే.

మసి ఎందుకు రాదో అర్థం చేసుకోవడం పెద్ద కష్టం కాదు. డీజిల్ అంటే పన్నెండు, పదహారు కార్బన్లు గొలుసులాగ ఉన్న అణువుల గుంపు, అది సిలిండర్‌లోకి తుంపర్లుగ పడ్డప్పుడు తుంపర నడుమ గాలి అందదు, అక్కడి కార్బన్ కాలక మసి అయితది. ఇథనాల్‌లో రెండే కార్బన్లు, ఇంకో రకం ఆల్కహాల్ అయిన మిథనాల్‌లో ఒక్కటే, పైగా ఇథనాల్ బరువులో దాదాపు 35 శాతం, మిథనాల్‌లో సగం ఆక్సిజనే, అంటే కాలడానికి కావాల్సిన గాలి కొంత వెంబడి తెచ్చుకుంటది. ఇంకోటి, ఆల్కహాల్ ఆవిరి అయ్యేటప్పుడు మస్తు వేడి గుంజుకుంటది, చేతి మీద స్పిరిట్ రాసుకుంటే సల్లగ అనిపిస్తది చూడు, అదే. దాంతో సిలిండర్‌లో మంట వేడి తగ్గి నైట్రోజన్ ఆక్సైడ్లు కూడా తక్కువ వస్తయ్. ఈ రెండు లాభాలూ గట్టివి, వీటిని కాదనేటోళ్ళతో నాకు పని లేదు.

మిగిలింది ఆ సగం కాలిన సరుకు. ఇథనాల్ నుంచి అసిటాల్డిహైడ్, మిథనాల్ నుంచి ఫార్మాల్డిహైడ్. బైపీసీ చదివినోళ్ళకు జువాలజీ ల్యాబ్‌లో కప్పలను సీసాల్లో ఉంచే ఫార్మలిన్ వాసన గుర్తుండే ఉంటది, ఆ ఫార్మలిన్‌లో ఉండేది ఈ ఫార్మాల్డిహైడే. దాన్ని 2004లోనే క్యాన్సర్ మొదటి లిస్టులో చేర్చిన్రు, డీజిల్ పొగ కంటే ముందే. అసిటాల్డిహైడ్ దానికంటే రెండు మెట్లు కింద, రావొచ్చు అనే లిస్టులో ఉంది. మనిషి మందు తాగితే లివర్ చేసే పని కూడా ఇదే, ఇథనాల్‌ను ముందు అసిటాల్డిహైడ్ చేసి తర్వాత దాన్ని కరిగిస్తది, కల్తీ సారాలో మిథనాల్ పడితే అది ఫార్మాల్డిహైడ్, ఫార్మిక్ ఆసిడ్ అయ్యి కండ్లు పోతయ్. లివర్ రెండో సగం పని కూడా పూర్తి చేస్తది కాబట్టి మనిషి బతుకుతున్నడు, ఇంజన్ మొదటి సగంలో వదిలేస్తే మిగిలింది రోడ్డు మీద నిలబడ్డోళ్ళ ముక్కులోకి వస్తది. డీజిల్ పొగలో కూడా ఆల్డిహైడ్లు, అంటే ఈ జాతి రసాయనాలు, ఉంటయ్, లేవని కాదు, పాత బండి స్టార్ట్ చేసినప్పుడు కండ్లు మండేది వాటితోటే. ఆల్కహాల్‌లో వాటి వంతు ఎక్కువ.

మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు. మా నాయనమ్మ నడుము వంగిపోయి, మెడ తిప్పలేక, మనిషిని చూడాలంటే ఒళ్ళంతా తిప్పేది. ఆమె తాగిన బాయి నీళ్ళు ఎట్లుండేటియి అంటే అద్దం లెక్క, చెంబు అడుగున పైస వేస్తే బొమ్మ కనపడేది, వాసన లేదు, బురద లేదు, రుచి కూడా బాగుండేదంట. ఎముకలను వంచే ఫ్లోరైడ్, లీటర్‌కు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దన్నది, ఆ నీళ్ళలో ఎన్నో రెట్లు ఉంటే ఎవరి కంటికి కనపడుతది? చెరువు నీళ్ళు మురికిగ ఉన్నయని బోరు నీళ్ళకు పోయిన ఊర్లు ఉన్నయ్ మా దగ్గర, తేట నీళ్ళని నమ్మి పోయిన్రు. ఆఖరికి పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అని మా ఊరి పేరే పెట్టిన్రు, దాన్ని తయారు చేసింది నాగ్‌పూర్‌లో ఉన్న పర్యావరణ పరిశోధన సంస్థ నీరి. పేరొచ్చిందని సంతోషపడే సంగతైతే కాదు. అందుకే "పొగ కనపడదు కాబట్టి కాలుష్యం లేదు" అన్న మాట ఇంకే జిల్లా వాళ్ళన్నా నమ్మితే నమ్మనీ, నల్లగొండ వాళ్ళం నమ్మకూడదు అని నేను గట్టిగ అంటున్న.

నాగ్‌పూర్ పేరు వచ్చింది కాబట్టి, మన దేశంలో మొట్టమొదటి ఇథనాల్ బస్సు రోడ్డెక్కింది కూడా అక్కడే, 2014 ఆగస్టులో, గడ్కరీ గారు జెండా ఊపిన్రు. బండి స్వీడన్ కంపెనీ స్కానియాది. తర్వాత బస్సుల సంఖ్య పెంచిన్రు గానీ 2018లో ఆ సర్వీసు ఆగిపోయింది. స్వీడన్‌లో మాత్రం స్టాక్‌హోమ్ సిటీలో 1990 ప్రాంతం నుంచి వందల కొద్దీ ఇథనాల్ బస్సులు తిరిగినయ్, అంటే ఇదేదో కలలో మాట కాదు, ఇంజన్ నడుస్తది, మనుషులను మోస్తది.

ఎట్ల నడుస్తదో మా నాయినకు చెప్తే ఆయనకు నిద్ర పట్టలే. డీజిల్ ఇంజన్‌కు ప్లగ్గు ఉండదు, గాలిని నొక్కితే పుట్టే వేడికే ఆయిల్ అంటుకోవాలె. అట్ల అంటుకునే గుణానికి సీటేన్ నంబర్ అని పెడుతరు, డీజిల్‌కు 50 దగ్గర దగ్గర, ఇథనాల్‌కు 8 కూడా కష్టమే. అందుకని ఆ బస్సుల్లో ఇథనాల్ 95 శాతం పెట్టి మిగిలిన 5 శాతం అంటుకునేటట్టు చేసే మందు, తుప్పు పట్టకుండ ఇంకో మందు కలుపుతరు, ఇంజన్‌ను కూడా మామూలు డీజిల్ ఇంజన్ 17, 18 రెట్లు నొక్కితే ఇది 28 రెట్లు నొక్కేటట్టు కడుతరు. "ఇరవై ఎనిమిదా? హెడ్ ఆగుతదా బిడ్డా?" అన్నడు. ఆగుతది నాయినా, దానికోసమే కట్టిన్రు అన్న. ఆయన మళ్ళా, "నాజిళ్ళు? డీజిల్‌కు ఉన్న జిడ్డు స్పిరిట్‌కు ఉండదు కదా, పంపు అరిగిపోదా?" అన్నడు. అనుభవం అంటే అది. అమెరికాలో లాస్ ఏంజెల్స్ బస్సుల సంస్థ 1990ల మొదట్లో 333 మిథనాల్ బస్సులు కొని ఇట్లాంటి వాటి మీదనే దెబ్బతిన్నది, ఇంజన్లు టైముకు ముందే ఓవర్‌హాలింగ్‌కు వచ్చినయ్, మిథనాల్‌ను పక్కకు పెట్టి ఇథనాల్‌కు మార్చిన్రు, అది కూడా నిలవలే, మళ్ళా డీజిల్‌కే పోయిన్రు.

అదే రోజుల్లో అమెరికాలో మక్కలు పండే ఇలినాయ్ రాష్ట్రంలో పియోరియా అనే ఊర్లో ఇథనాల్ బస్సులు, ఇంకొన్ని సిటీల్లో మిథనాల్ బస్సులు తిప్పి, చక్రాలను రోలర్ల మీద నడిపించే లారీ లాంటి ల్యాబ్‌తో వాటి పొగను కొలిచిన్రు. మసి, నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గినయ్, కానీ కార్బన్ మోనాక్సైడూ, కాలని ఇంధనమూ డీజిల్ బస్సుల కంటే ఎక్కువ వచ్చినయ్. ఆల్డిహైడ్లు కూడా అంతే. ముప్పై ఏండ్ల కిందటి ఇంజన్లు అవి, ఇప్పటివి మెరుగే, సైలెన్సర్‌లో మంచి క్యాటలిటిక్ కన్వర్టర్, అంటే పొగను శుభ్రం చేసే జల్లెడ డబ్బా, ఉంటే ఈ సగం కాలిన సరుకులో చాలావరకు అక్కడే కాలిపోతది. ఉంటే. పని చేస్తే. వేడెక్కితే.

నా గొడవంతా ఈ మూడు మాటల దగ్గరనే ఉంది.

కన్వర్టర్ సల్లగ ఉంటే పని చెయ్యదు, రెండు వందల డిగ్రీలు దాటితే గానీ దానికి ఊపిరి రాదు. స్టాక్‌హోమ్ చలి మనకు లేదు, నల్లగొండ ఎండలో మే నెలల బండి రేకు మీద చెయ్యి పెట్టలేం, ఆ లెక్కన మనకు లాభమే అనిపిస్తది. కానీ మన పల్లెవెలుగు ఎట్ల తిరుగుతదో ఒకసారి యాది చేసుకోరి. నల్లగొండ బస్టాండ్‌లో ప్లాట్‌ఫారం మీద పావుగంట ఇంజన్ ఆన్‌లోనే, కండక్టర్ టికెట్లు కొడుతుంటడు, క్లాక్ టవర్ దగ్గర ఇంకో ఐదు నిమిషాలు, తర్వాత దేవరకొండ రోడ్డు ఎక్కినా ప్రతి ఊరు, ప్రతి కూడలి, చెయ్యెత్తిన ప్రతి ముసలవ్వ దగ్గర ఆపుడు. ఉత్తగ తిరిగే ఇంజన్ పొగ సల్లగ ఉంటది, ఇంజన్ లోపల ఆల్కహాల్ కూడా అరకొరగ కాలుతది, అంటే ఆల్డిహైడ్ ఎక్కువ పుట్టే టైమూ, కన్వర్టర్ నిద్రపోయే టైమూ ఒక్కటే అయితది. ఆ టైమ్‌లో బస్సు ఉండేది ఎక్కడ? బస్టాండ్‌లో. వెనక నిలబడేది ఎవరు? ఆడోళ్ళకు ఫ్రీ బస్సు ఇచ్చే మహాలక్ష్మి స్కీమ్ 2023 డిసెంబర్‌లో మొదలైనప్పటి సంది బస్టాండ్‌లు ఎట్ల నిండుతున్నయో చూస్తనే ఉన్నం, సంకలో పిల్లలతో ఆడోళ్ళు, బడి పిల్లలు, జిల్లా దవాఖానకు వచ్చిన రోగులు. డీజిల్ పొగ వస్తే కొంగు అడ్డం పెట్టుకుంటరు, మొఖం తిప్పుకుంటరు. కనపడని దానికి ఎవరు కొంగు అడ్డం పెట్టుకుంటరు?

ఇగ పొల్యూషన్ సర్టిఫికెట్ సంగతి. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే అనుకోండి. డీజిల్ బండికి పొల్యూషన్ చెక్ ఎట్ల చేస్తరో చూసిన్రా ఎప్పుడన్నా? సైలెన్సర్‌లో గొట్టం పెట్టి, బండిని న్యూట్రల్‌లో ఉంచి యాక్సిలరేటర్ ఫుల్ తొక్కుతరు, పొగ మీటర్‌లోకి పోతది, మీటర్‌లో ఒక దిక్కు లైటు, ఇంకో దిక్కు దాన్ని చూసే సెన్సర్. పొగ ఎంత లైటును ఆపితే అంత కాలుష్యం అని లెక్క. అంటే మా నాయిన తెల్ల గుడ్డకు కరెంటు పెట్టిన్రు, అంతే. ఆ మీటర్ పొగ నలుపును చూస్తది, వాసన చూడదు, కండ్ల మంట చూడదు. దాని ముందు ఇథనాల్ బస్సును నిలబెడితే ఎప్పుడూ పాసే. కన్వర్టర్ కొత్తదైనా పాసే, లోపల జల్లెడ పగిలి రాలిపోయి ఉత్త డబ్బా మిగిలినా పాసే. పదేండ్లు పాసే. పెట్రోల్ బండికి చేసే చెక్‌లో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు కొలుస్తరు, అది కొంత నయం, కానీ ఆ మీటర్‌కు కూడా ఆల్డిహైడ్ పట్టుకునే శక్తి లేదు. కొత్త మోడల్ బండిని అమ్మకానికి వదిలేముందు ల్యాబ్‌లో చేసే పరీక్షలు వేరే ఉంటయ్, వాటిని నేను తప్పు పట్టడం లేదు, నేను అడిగేది ఎనిమిదో ఏడు, ఏడు లక్షల కిలోమీటర్లు తిరిగిన పల్లెవెలుగు సంగతి. ఆ బండి ఏం వదులుతుందో చెప్పే మనిషి గానీ మిషన్ గానీ జిల్లాలో ఉండాలె.

బ్రెజిల్ వాళ్ళు 1975లో చెరుకు ఆల్కహాల్ పథకం మొదలుపెట్టి దాని మీద కార్లు నడుపుతున్నరు, సావో పాలో గాలిలో ఆల్డిహైడ్లు వేరే పెద్ద సిటీలకంటే ఎక్కువ ఉంటయని తేలింది కొలిచిన్రు కాబట్టే. పైగా ఆల్డిహైడ్లు ఎండ తగిలితే ఊరుకోవు, గాలిలో ఉన్న నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిసి ఓజోన్ తయారు చేస్తయ్, అది మళ్ళా ఊపిరితిత్తులకే దెబ్బ. ఎండకు మన దగ్గర కొదవ లేదు.

బెంగళూరులో 2023 మార్చిలో డీజిల్‌లో 15 శాతం మిథనాల్ కలిపిన సిటీ బస్సులు ట్రయల్‌కు తీసిన్రు. ఇట్ల కలిపిన దాంట్లో మసి కొంత తగ్గుతది, కొత్త ఇంజన్ కొనే పని ఉండదు. కానీ మిథనాల్‌ను మన డిపోల్లోకి తెచ్చుడంటే నాకు వణుకే. మూతి పెట్టి పైపుతో గుంజి ఆయిల్ తీసే అలవాటు మన మెకానిక్‌లకు ఉంది, మా నాయిన కూడా చేసిండు, నోట్లో డీజిల్ పడితే ఉమ్మేసి నీళ్ళు పుక్కిలించుకున్నడు. మిథనాల్ అయితే కొంచెం మింగినా కండ్లు పోతయ్, ప్రాణం కూడా పోవచ్చు. దాని మంట ఎండలో కనపడదు కూడా, బట్టకు అంటుకున్న సంగతి కాలినంక తెలుస్తది. ఇథనాల్‌కు కూడా 13 డిగ్రీలకే అంటుకునే ఆవిరి వస్తది, అంటే మనకు సంక్రాంతి పొద్దుగాల కూడా అది రెడీగనే ఉంటది, డీజిల్ లెక్క బకెట్లో పెట్టి పార్టులు కడిగే పద్ధతి నడవదు. డిపోను మొత్తం మార్చాలె. బండి కొనే పైసల లెక్క మాత్రమే చూపించి ఈ ఖర్చు చూపించకపోతే, ఆ భారం పిట్‌లో పని చేసేటోని ఒంటి మీద పడ్డట్టే.

ఇప్పుడు సైలెన్సర్ దగ్గర్నుంచి వెనక్కి పోదాం, ఎందుకంటే బస్సు పొగ అక్కడే మొదలు కాదు.

ఒక్క లెక్క చేసి చూపిస్త. పల్లెవెలుగు రోజుకు 300 కిలోమీటర్లు, లీటర్‌కు 5 కిలోమీటర్లు అనుకుందాం, డీజిల్ 60 లీటర్లు. లీటర్ డీజిల్‌లో ఉన్న శక్తి 36 మెగాజౌళ్ళు, లీటర్ ఇథనాల్‌లో 21. అదే దూరం పోవాలంటే వంద లీటర్ల పైన ఇథనాల్ కావాలె. టన్ను బియ్యం నుంచి వచ్చేది సుమారు 450 లీటర్లు. అంటే ఒక్క బస్సు ఒక్క రోజుకు 225 కిలోల బియ్యం తాగుతది. రేషన్ షాపులో మనిషికి నెలకు 6 కిలోలు, అంటే 37 మంది నెల బియ్యం. ఫ్యాక్టరీలు నూకలు, పాడైన ధాన్యం, మక్కలు కూడా వాడుతయ్, అన్నీ తినే బియ్యమే అని నేను అనను, చెరుకు మొలాసిస్ అయితే లెక్కే వేరు. అయినా ఈ లెక్క తెలిసి మాట్లాడాలె.

కార్బన్ డయాక్సైడ్ కూడా అంతే. అంతే శక్తికి ఇథనాల్ కాలితే వచ్చేది డీజిల్ కంటే వీసమంత తక్కువ, పెద్ద తేడా లేదు. లాభం అంతా పంట పెరిగేటప్పుడు గాలి నుంచి గుంజుకున్న దాంట్లో ఉంది. మరి ఆ పంటకు వేసిన యూరియా, బోర్లు గుంజిన కరెంటు, నిలవ నీళ్ళ వరి మడి నుంచి వచ్చే మీథేన్, ఫ్యాక్టరీ బాయిలర్‌లో కాల్చే బొగ్గో పొట్టో, ఇవన్నీ తీసేస్తే మిగిలేదే నికరం. గడ్డి నుంచి, పత్తి కట్టె నుంచి తీసే ఇథనాల్ అయితే ఆ నికరం ఎక్కువ, మా దగ్గర పత్తి కట్టె చేన్లల్లనే తగలబెడుతున్నరు ఎట్లాగూ, ఆ కట్టెను ఇథనాల్ చేసి బస్సుకు పెడితే నేనే ముందు పోయి దండ వేస్త. బియ్యంతో తీస్తే మాత్రం ఏ ధైర్యంతో పచ్చ రంగు వేస్తరో నాకు అర్థం కాదు.

పాలమూరు దిక్కు వాళ్ళకు ఇది పుస్తకాల సంగతి కాదు. నారాయణపేట జిల్లా చిత్తనూరు దగ్గర ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని చుట్టుపక్కల ఊర్ల వాళ్ళు 2023లో రోడ్డెక్కిన్రు, గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలో 2025లో మళ్ళా అదే కొట్లాట. అక్కడి జనం అడిగింది రెండే మాటలు, నీళ్ళు ఎన్ని గుంజుతరు, మిగిలిన నీళ్ళు ఎక్కడ పోస్తరు. మొలాసిస్ నుంచి తీసేదైతే ఒక లీటర్ ఆల్కహాల్‌కు 8 నుంచి 15 లీటర్ల దాకా కాఫీ రంగు వేస్ట్ నీళ్ళు వస్తయ్. ధాన్యానికి అంతకంటే తక్కువ, దాన్ని ఆరబెట్టి పశువుల దాణా చేస్తరు, చుక్క బయటికి వదలొద్దని రూల్ కూడా ఉంది. రూల్ ఉన్నది నిజమే. ఆ రూల్ నడుస్తుందా లేదా అని కొలిచేది ఎవరు అన్నది మళ్ళా అదే ప్రశ్న. హైదరాబాద్‌లోనో నల్లగొండలోనో బస్టాండ్ గాలి తేటపడి, ఎక్కడో ఊరి బాయిలో నీళ్ళు రంగు మారితే, పొగ తగ్గినట్టు ఎట్ల అయితది, చిరునామా మారింది అంతే.

"మరి డీజిలే మంచిదా?" అంటరు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చే బీఎస్-6 (బండి ఎంత పొగ వదలొచ్చో చెప్పే ప్రభుత్వ నియమం, అంకె పెరిగితే కఠినం) డీజిల్ బస్సుకు మసి పట్టే ఫిల్టర్, యూరియా ద్రావణం చల్లి నైట్రోజన్ ఆక్సైడ్లను విరగ్గొట్టే సిస్టం ఉంటయ్. బీఎస్-3 బస్సుకు మసి పరిమితి కిలోవాట్ గంటకు 0.10 గ్రాములు ఉంటే బీఎస్-6కు 0.01, అంటే పదో వంతు. దాని సైలెన్సర్ దగ్గర మా నాయిన గుడ్డ పట్టినా తెల్లగనే ఉంటది. అంటే ఆల్కహాల్ బస్సుకు ఉన్న పెద్ద గొప్ప, మసి రాకపోవడం, ఇప్పుడు కొత్త డీజిల్ బస్సుకు కూడా ఉంది. స్టాక్‌హోమ్ మొదలుపెట్టిన 1990కీ ఇప్పటికీ ఇదే తేడా. ఎలక్ట్రిక్ బస్సుకైతే సైలెన్సరే లేదు, 2023 నుంచి హైదరాబాద్–విజయవాడ రూట్‌లో తిరుగుతున్నయ్, మా సూర్యాపేట మీదుగనే పోతయ్.

అందుకే నా అభిప్రాయం ఇది, తప్పైతే కామెంట్లో చెప్పండి. నల్లగొండ, పాలమూరు డిపోల్లో ముందు చెయ్యాల్సిన పని పాత బీఎస్-3 బండ్లను రోడ్డు మీద నుంచి తీసేసుడు, వాటి జాగల ఏది తొందరగ వస్తే అది. ఆల్కహాల్ బస్సు తేవాలనుకుంటే ఒక్క డిపోలో, ట్యాంకు అక్కడే ఉంచి, ట్రైనింగ్ ఇచ్చి తేవచ్చు, గడ్డి, కట్టె నుంచి తీసిన ఇథనాల్‌తో అయితే సంతోషంగ తేవచ్చు. కానీ కన్వర్టర్ ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో రాసి ఉండాలె, ఏడాదికి ఒకసారి ఆల్డిహైడ్ కొలిచిన అంకె బస్సు లోపల, కండక్టర్ సీటు వెనక, అందరికీ కనపడే జాగల అంటించాలె. పొగ మీటర్ సర్టిఫికెట్ ఆల్కహాల్ బస్సుకు చెల్లదు అని ఒక్క లైను రూల్ రాయాలె. ఖర్చంటరా, మా ఊర్లల్లో ఫ్లోరైడ్ కొలవడానికి మొదట్లో ఖర్చు అనుకున్న పైసలకు ఎన్ని తరాల నడుములు పోయినయో లెక్క ఉందా.

ఇదంతా నిన్న రాత్రి మా నాయినకు చదివి వినిపించిన. అంతా విన్నడు. చాలాసేపు ఏం మాట్లాడలే. తర్వాత అడిగిండు, "అయితే గుడ్డ పట్టి చూస్తే తెలవదంటవు."

"తెలవదు నాయినా."

"మరి డ్రైవర్ లాగ్‌షీట్‌ల ఏం రాయాలె? నల్ల పొగ వస్తుందని రాస్తె మాకు పని దొరికేది. దీనికేం రాస్తడు?"

నేను దీని గురించి ఆలోచించనే లేదు. ఇన్ని పేజీలు రాసిన గానీ తెల్లారి ఐదు గంటలకు నైట్ హాల్ట్ ఊర్లో బండి స్టార్ట్ చేసే డ్రైవర్ చేతిలో పెన్ను ఉంటదన్న సంగతి నాకు తట్టలే. కొంచెం ఆగి, "స్టార్టింగ్‌లో కండ్ల మంట, పుల్లటి ఘాటు వాసన, పది నిమిషాలు నడిచినంక కూడా తగ్గలే అని రాయాలె, అట్ల రాస్తె కన్వర్టర్ చూడాలె" అన్న.

ఆయన లేచి టీవీ పక్కన ఉన్న పాత డైరీ తీసి, కండ్లద్దాలు పెట్టుకొని, నేను చెప్పింది చెప్పినట్టే రాసుకున్నడు. రాసినంక కింద గీత కొట్టి, "పది నిమిషాలు అన్నవు కదా, వానాకాలం కూడ పదేనా?" అని అడిగిండు.